నీలం తాడు

గ్వెన్‌కు నీళ్ళంటే భయం. స్నానాల తొట్టిలో కూడా జానెడు లోతుకు మించి నీళ్ళు నింపుకోని మనిషి. అలాంటిది జూలై నెల ఆదివారం పొద్దున్నే, కాల్గరీ ఊరి నడుమ పారే బో నది ఒడ్డున, లైఫ్ జాకెట్ పట్టీలు మూడోసారి బిగించుకుంటూ నిలబడిందంటే కారణం ఒక్కటే. కూతురు మేజీకి తొమ్మిదేళ్ళు నిండాయి. "తొమ్మిదేళ్ళు రానీ, నదిలో తేలుదాం" అని ఎప్పుడో నోరు జారింది. అప్పుడు మేజీకి ఆరేళ్ళు. ఇంకా మూడేళ్ళుంది కదా, మరిచిపోతుందిలే అనుకుంది. పిల్లలు మరిచిపోతారా?

అక్క డార్లీన్ కాలితో పంపు తొక్కుతూ నది మీద కూర్చుని తేలిపోయే పెద్ద రబ్బరు ట్యూబుల్లోకి గాలి నింపుతోంది. దిగువ పార్కులో ఒక కారు వదిలేసి, రెండో కారులో ముగ్గురూ ఇక్కడికి వచ్చారు. డార్లీన్ ఇరవై ఏళ్ళుగా ప్రతి వేసవీ ఇదే పని చేస్తోంది.

"ఊరు ఊరంతా తేలుతోందే! ఆ ముసలాయన్ని చూడు, కుక్కకి కూడా జాకెట్ తొడిగాడు. ఆ కుక్కే నీకంటే నయం, తోకాడిస్తోంది," అంది డార్లీన్.

"నీ ఎగతాళి ఆపు. లోతెంతుంటుందో అది చెప్పు."

"మోకాళ్ళ లోతు. అక్కడక్కడా మనిషి లోతు. పడ్డావనుకో, వెల్లకిలా తేలు. కాళ్ళు ముందుకి, ముక్కు పైకి. నిలబడాలని మాత్రం చూడకు. ఇంతకంటే చదువేం లేదు."

రేవు దగ్గర బోర్డు ఉంది. ట్యూబులను ఒకదానికొకటి కట్టరాదు. అది చదివిన వాళ్ళే పక్కకు పోయి అరడజను ట్యూబులు కలిపి కట్టుకుని, మధ్యలో పాటల పెట్టె పెట్టుకుని పోతున్నారు. గ్వెన్ బోర్డు రెండుసార్లు చదివింది. ఆ తర్వాత సంచిలో ఉన్న బట్టలారేసే నీలం తాడును తడిమి చూసుకుంది. భయం ఉన్నవాళ్ళకు తెలివి ఉండదని కాదు గానీ, ఆ తెలివి కూడా భయం మాటే వింటుంది.

గ్వెన్ మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. కొత్తగా నాటిన చెట్లను గుంజలకు కట్టడం ఆమె పని. చలికాలంలో కూడా కొండల మీంచి విరుచుకుపడే వేడిగాలికి కంచెలు కూలిన రోజులున్నాయి గానీ, గ్వెన్ వేసిన ముడి ఊడిన రోజు లేదు. డార్లీన్ ముందు వెళ్ళిపోగానే, రెండు బారల తాడుతో తన ట్యూబు పిడినీ మేజీ ట్యూబు పిడినీ కలిపి ఆ ముడే వేసింది.

"అమ్మా, నేనేమన్నా కుక్కపిల్లనా?"

"నోర్మూసుకుని కూర్చో. పెద్దమ్మకి చెప్పావంటే ఇటునుంచిటే ఇంటికి."

నీళ్ళు చురుక్కుమన్నాయి. పైన ఎండ మండుతున్నా, ఇవి మొన్నటిదాకా కొండల మీద మంచుగా ఉన్న నీళ్ళు. చెట్ల దూది గాలిలో తేలివచ్చి మేజీ జుట్టులో చిక్కుకుంది. పిల్ల కాళ్ళతో నీళ్ళు చిమ్ముతూ పాడుతోంది. గ్వెన్ మాత్రం తాడు వంకే చూస్తూ కూర్చుంది. తాడున్నంతసేపూ పిల్ల తనదే అనిపించింది. గంట గడిచేసరికి ఊపిరి కూడా కాస్త సవ్యంగా ఆడింది.

అప్పుడు వంతెన వచ్చింది.

"కుడికి రండి! చేతుల్తో తొయ్యండి, కుడికి!" ముందునుంచి డార్లీన్ అరిచింది.

మేజీ చేతులు ఆడించి చక్కగా కుడికి పోయింది. గ్వెన్ కూడా ఆడించింది గానీ, ఆమె ట్యూబు గిర్రున తిరిగి ఎడమకు కొట్టుకుపోయింది. మధ్యలో కాంక్రీటు స్తంభం. తాడు వెళ్ళి దానికి చుట్టుకుంది.

ఒక్క కుదుపు. రెండు ట్యూబులూ స్తంభానికి చెరోపక్కన ఆగిపోయాయి. నది మాత్రం ఆగలేదు. వెనకనుంచి తోస్తూ, పిడి ఉన్న అంచును కిందికి లాగేసి, గ్వెన్ ఒళ్ళోకి దూకింది. స్తంభం అడ్డు రావడంతో కూతురు కనబడలేదు. గొంతొక్కటే వినబడింది.

"అమ్మా! నీళ్ళు లోపలికొస్తున్నాయ్! అమ్మా!"

గ్వెన్ పిడి మీదికి వంగింది. ముడి విప్పబోయింది. తడిసి బిగిసిన ముడి, తన చేతి ముడి, రాయిలా ఉంది. గోళ్ళు విరిగాయి. పళ్ళతో లాగింది. తాడు పట్టుకుని తనవైపు గుంజింది. గుంజినకొద్దీ అవతల అరుపు పెద్దదైంది. తర్వాత ఆ అరుపు దగ్గుగా మారింది.

దిగువన రాళ్ళ దిబ్బ మీదికి ఎక్కిన డార్లీన్‌కు రెండు వైపులా కనబడుతోంది. "గ్వెన్! దిగిపో! నీళ్ళలోకి దిగిపో!"

"నాకు ఈత రాదే!"

"నీ బరువే పిల్లని కదలనీకుండా పట్టుకునుందే, పిచ్చిదానా! నువ్వు దిగితే అది బయటపడుద్ది! దిగు!"

ఆ మాట అర్థమైంది. అర్థమయ్యాక కూడా చేతులు కదల్లేదు. తల్లి కదా, వదలడం ఎలాగో ఆ చేతులకు ఎవరూ నేర్పలేదు. అవతల దగ్గు కూడా ఆగింది.

గ్వెన్ కళ్ళు మూసుకుని ట్యూబులోంచి జారిపోయింది.

నీళ్ళు తల మీదుగా పోయాయి. జాకెట్ పైకి లాగింది. కాళ్ళు ముందుకి, ముక్కు పైకి. పక్కన తన ఖాళీ ట్యూబు స్తంభం చుట్టూ గీసుకుంటూ అవతలికి పోవడం ఒక్క క్షణం కనబడింది. తర్వాత ఆకాశం, వంతెన అడుగున పక్షుల మట్టిగూళ్ళు, మళ్ళీ ఆకాశం. పిల్ల బతికుందో లేదో తెలియకుండా కొట్టుకుపోయిన ఆ అర నిమిషాన్ని గ్వెన్ జన్మలో మరిచిపోలేదు.

వీపుకు రాళ్ళు తగిలాయి. ఎవరో జాకెట్ భుజం పట్టుకుని ఈడ్చారు. కుక్కకు జాకెట్ తొడిగిన ముసలాయన. ఆయన వెనక, ట్యూబుతో సహా పిల్లను దిబ్బ మీదికి లాగిన డార్లీన్ ఒళ్ళో, మేజీ నీళ్ళు కక్కుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

గ్వెన్ పాకుతూ వెళ్ళి పిల్లను పట్టుకుంది. ముసలాయన జేబులోంచి చాకు తీసి రెండు ముడులూ కోసి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టి ఉన్నా బాగుండేది.

"కారు దాకా ఇంకా అరగంట తేలాలి," అంది డార్లీన్ మెల్లగా. "లేదంటే ఒడ్డునే నడుద్దాం."

"నడుద్దాం," అంది మేజీ. నది వంక చూడకుండానే అంది. పొద్దున పాటలు పాడిన పిల్లేనా ఇది?

మేజీ వంగి రాళ్ళ మీద పడున్న నీలం తాడు తీసింది. ఒక కొస తన మణికట్టుకు చుట్టింది. రెండో కొస తల్లి మణికట్టుకు చుట్టి, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా ముడి వేసింది. గుంజకు చెట్టును కట్టే ముడి. నర్సరీలో తల్లి పక్కన కూర్చుని నేర్చుకున్న ముడి.

"గట్టిగా ఉందా అమ్మా?"

గ్వెన్ లాగి చూసింది. ఊడలేదు.

"ఉంది," అంది. అని, ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చింది.