గొడుగుల రిపేరు ఎవరి కింద?

మా పిల్ల కుట్టు సామాన్ల కొట్టుకి వెబ్‌సైట్ తయారుచేస్తోంది. పెళ్లయిన కొత్తలో ఆ కొట్టులోనే నేను గుండీలు అమ్మేదాన్ని. ఆయన మూల బల్ల దగ్గర కూర్చుని గొడుగులు బాగుచేసేవారు. పిల్లకి ఇదే మొదటి పని. ఎక్కడ ఏం తేడా వస్తుందోనని పొద్దుటి నుంచీ గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను.

"చూడమ్మా, మెనూ అంతా ఒకే పట్టికలో పెట్టాను" అని పిలిచింది.

ప్రతి వరసకీ ఒక నంబరుంది. దాని పక్కనే, అది ఎవరి కిందిదో ఆ పైదాని నంబరు. గుండీలు, దారాలు 'కుట్టు సామాన్ల' కింద ఉన్నాయి. గొడుగు ఊచలు, పిడులు, జిప్పులు 'రిపేర్ల' కింద ఉన్నాయి. 'కుట్టు సామాన్లు', 'రిపేర్లు' పక్కన మాత్రం గడి ఖాళీ.

"రిపేర్లకి పైన ఎవరూ లేరేమిటే?"

"అక్కర్లేదమ్మా. ఆ ఇంటికి అదే పెద్ద."

'రిపేర్లు' అన్న మాట మళ్లీ చదవగానే మూల బల్ల కళ్ల ముందుకొచ్చింది. వానాకాలంలో దండెం నిండా తడి గొడుగులే. వాటి నీళ్లు నా గుండీల డబ్బాల్లో పడేవి. నేను కేకలేస్తే, బాగుచేసిన గొడుగొకటి విప్పి డబ్బాల మీద నిలబెట్టేవారు. "బేరానికొచ్చినవాళ్లు నవ్వుతున్నారండీ" అంటే, "నవ్వితే కొంటారులే" అనేవారు.

ఇంతలో ఫోను. పాత యజమాని కోడలు. ఇప్పుడు కొట్టు ఆవిడదే. పిల్ల పంపిన మెనూ చూసినట్టుంది. "ఈ రోజుల్లో రిపేర్లెవరు చేస్తారమ్మా? ఆ ముక్క తీసెయ్. సాయంత్రం వచ్చి చూస్తాను."

పిల్ల ఆ వరస తీసేసింది. ఊచలు, పిడులు, జిప్పులు అన్నీ మెనూలోంచి మాయం.

"కొంప ముంచావు కదే! సరుకంతా పోయింది!"

"పోలేదమ్మా, పట్టికలోనే ఉన్నాయి. పైది లేదుగా, ఎక్కడ చూపించాలో సైటుకి తెలీదు. గుండీల కింద వెయ్యనా?"

"గుండీల కింద గొడుగు పిడులా? మీ నాన్న ఉంటే పడీ పడీ నవ్వేవారు."

వేసి చూసింది. పిలవని చుట్టాల్లా ఉన్నాయి. తీసేసిన వరసని అదే నంబరుతో మళ్లీ పెట్టి, అన్నిటినీ దాని కిందకి చేర్చింది.

"ఇలాగే ఉంచమని మేడమ్‌నే అడుగుతాను."

"వద్దు తల్లీ! మొదటి పనిలోనే ఎదురు చెప్తే ఇంకోళ్లకి ఇచ్చేస్తారు. ఆ పైన నిన్నెవరు పిలుస్తారు? తీసెయ్."

అన్నానే గానీ, ఆ వరస మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

సాయంత్రం ఆవిడ వచ్చింది. "తీసెయ్యమన్నానుగా?"

"తీస్తే కిందవన్నీ దిక్కులేనివైపోతున్నాయి మేడమ్."

"సరే, ఉంచావు. రేపెవరో గొడుగు తెస్తే? నువ్వు చేస్తావా?"

నేను పిల్ల ముందుకొచ్చాను.

"నేను చేస్తానమ్మా. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే."

"మీరా పిన్నిగారూ? చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో!"

"అది వయసు కాదమ్మా, భయం. నాకెప్పుడూ ఉండేదే."

ఆవిడ ఫక్కున నవ్వింది. "అయితే ఉండనీ. ముందు నాది బాగుచెయ్యండి" అని కారులోంచి విరిగిన గొడుగొకటి తెచ్చి చేతిలో పెట్టింది.

ఆవిడ వెళ్లాక విప్పి చూశాను. రెండు ఊచలు విరిగాయి. గుడ్డ బాగా పాతది, సూది తగిలితే పర్రుమంటుందేమో. చిరిగితే ఆవిడేమంటుందో, పిల్ల పని ఏమవుతుందో. దీపం దగ్గరికి జరిగి, సూదిలోకి దారం ఎక్కించాను.