దొంగచూపు

"ఆ పిల్లకి ఎడమ కాలు కూడా ఉందని ఎవరూ చెప్పినట్టు లేదు" అంది మా అత్తగారు, దుప్పటి అవతలి కొసలు పట్టుకుని నా వైపు నడిచొస్తూ.

అప్పటికి నా పెళ్ళయి నెల కూడా కాలేదు. డాబా మీద ఆరేసిన బట్టలు తీసి ఇద్దరం మడతలు పెడుతున్నాం. కింద సందులో నలుగురు పిల్లలు బంతి తన్నుకుంటున్నారు. నాకు వాళ్ళ అరుపులూ దుమ్మూ తప్ప ఇంకేం కనబడలేదు. ఆవిడ దుప్పటి మొత్తం నా చేతుల్లో పడేసి, పిట్టగోడ మీంచి వంగి, "ఒసేయ్ పొట్టిదానా, ఆ రెండో కాలు ఇంట్లో పెట్టొచ్చావా?" అని కేకేసింది. ఆ పిల్ల కిసుక్కున నవ్వి, ఎడమ కాలితో ఒక్కటి తన్నింది. బంతి వెళ్ళి మురిక్కాలవలో పడింది. మిగతా పిల్లలు గోల పెట్టారు. "పడనివ్వండర్రా. పది రోజులు పోతే పడదు" అని ఆవిడ తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు దుప్పటి అందుకుంది.

మా వీధిలో కోచ్ గారంటే మా మావగారు. బళ్ళో వ్యాయామం మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నీళ్ళ ట్యాంకు వెనకున్న ఖాళీ స్థలంలో పొద్దున్నే అయిదున్నరకి పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తారని సంబంధం మాట్లాడేటప్పుడే చెప్పారు. "మరి అత్తయ్యగారో?" అని మా అమ్మ అడిగితే, "మా ఆవిడ పిల్లలకి మంచినీళ్ళు పడుతుంది" అన్నారాయన. అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

పెళ్ళయిన రెండో నెల్లో ఒకరోజు, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆవిడ వెనకాలే వెళ్ళాను. గడ్డిపరక లేని మట్టి నేల. ఒకవైపు నీళ్ళ గొట్టాలు అతికించి చేసిన గోలు, రెండో వైపు రెండు పాత టైర్లు. మావగారు ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు, మెళ్ళో విజిలుంది. ముప్పై మంది పిల్లల మధ్య, ఇంట్లో కట్టుకునే బట్టలతోనే, అరవైకి దగ్గర పడ్డ మా అత్తగారు పరిగెడుతోంది. పరుగంటే నిజంగా పరుగే. ఆరేళ్ళ పిల్ల పాదం చేత్తో పట్టుకుని, బంతికి ఎక్కడ ఆనించాలో చూపిస్తోంది. ఒకడు ఏడుస్తుంటే ముక్కు తుడిచి, అదే చేత్తో వాణ్ణి తిప్పి ఆటలోకి తోసింది. పదేళ్ళ లోపు వాళ్ళకి గెలుపూ ఓటమీ లెక్క పెట్టనివ్వదు. "ఎవరు గెలిచారత్తా?" అని అడిగితే, "బంతిని ఎవడు ఎక్కువ ముద్దు చేశాడో వాడు" అంటుంది.

ఇదంతా ఎక్కడ నేర్చుకుందో తర్వాత మెల్లగా తెలిసింది. మావగారు కోచింగ్ పరీక్షకి చదివేటప్పుడు ఆయన దస్తూరి ఆయనకే అర్థమయ్యేది కాదట. అప్పటికి పసిబిడ్డ అయిన మా ఆయన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని నోట్సంతా ఈవిడే తిరగరాసింది. బొమ్మలు గీసింది, బాణాలు వేసింది. ఆయన పాసయ్యారు. సర్టిఫికెట్ హాల్లో గోడకెక్కింది, నోట్సు అటకెక్కింది, అందులో రాసిందంతా ఈవిడ బుర్రలో ఉండిపోయింది. ఆ తర్వాత ఆయన మోకాలు దెబ్బతింది. "రెండ్రోజులు పిల్లల్ని కాస్త చూసుకో" అన్నారు. ఆ రెండ్రోజులు పద్ధెనిమిదేళ్ళయ్యాయి. మావగారు చెడ్డమనిషి కాదు, అది కూడా చెప్పాలి. ఒక్క పరుషమైన మాట అని ఎరగరు. అందరూ కోచ్ గారూ అని పిలుస్తుంటే పలికారు, అంతే. మా ఆయనైతే, "మా అమ్మకదో కాలక్షేపం" అనేవాడు, పొద్దున్నే ఆవిడ వండి పెట్టి వెళ్ళిన టిఫిన్ తింటూ.

నాకు సిటీలో ఉన్న పెద్ద క్లబ్బు అకాడమీలో ఉద్యోగం వచ్చింది. ఆఫీస్ అసిస్టెంట్. పిల్లల రిజిస్ట్రేషన్ కాగితాలు, బస్సు లిస్టులు, జెర్సీల సైజులు, వచ్చినవాళ్ళకి టీలు. తివాచీ పరిచినట్టుండే గడ్డి, రాత్రిని పగలు చేసే లైట్లు, ఎవడు ఎన్ని మీటర్లు పరిగెత్తాడో చెప్పే యంత్రాలు, అన్నీ ఉన్నాయి అక్కడ. లేనిదల్లా పదమూడేళ్ళ లోపు పిల్లలు. "చిన్నపిల్లలతో మనకేం పని, తయారైన వాళ్ళని తీసుకుందాం" అనేవారు అకాడమీ నడిపే సారు. తయారు చేసేదెవరని ఎవరూ అడగరు. వంట ఎవరు చేశారని అడక్కుండా కంచం ముందు కూర్చునే మగాళ్ళని చూసి చూసి ఉన్నాను కాబట్టి నాకది వింతగా అనిపించలేదు. పద్నాలుగేళ్ళకి వచ్చే పిల్లలు గాల్లోకి ఎగిరి తలతో కొట్టగలరు గానీ, వచ్చే బంతిని పాదంతో ఆపలేరు. ఆపగలిగినవాళ్ళ కాగితాలు తిరగేస్తే, చాలామంది నీళ్ళ ట్యాంకు వెనక మైదానం వాళ్ళే.

క్లబ్బు ఆడపిల్లల సీనియర్ టీములో మైదానం నడుమ ఆడే అమ్మాయి కూడా మా వీధిదే. అందరూ పిడుగు అంటారు. ఆ అమ్మాయి ఫొటో పేపర్లో పడ్డప్పుడు పక్కన మా మావగారి ఫొటో వేశారు. సాయంత్రం ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "అత్తా, నేను నీ పేరే చెప్పాను. వాళ్ళు చివర్లో 'కోచ్ భార్య కూడా సాయపడేవారు' అని రాశారు."

"నువ్వు ఆడుతున్నావుగా తల్లీ, చాలు" అంది అత్తగారు. ఫోన్ పెట్టేసి గిన్నెలు తోమడానికి వెళ్ళింది. ఆ రోజు గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువగా వినిపించింది నాకు. మరి ఎవరికైనా వినిపించిందో లేదో తెలియదు.

జూనియర్ మ్యాచుల మీద అకాడమీ సారు రిపోర్టులు రాయాలి. మొదట్లో ఆయన చెప్తే నేను టైపు చేసేదాన్ని. తర్వాత, "నువ్వూ చూశావుగా, ఏదో ఒకటి రాసెయ్యమ్మా" అని సంతకం మాత్రం పెట్టేవారు. రాసేశాను. రెండేళ్ళు రాశాను. నాకు ఆట చూడ్డం నేర్పింది అత్తగారే కాబట్టి, ఆవిడ మాటలే వచ్చేవి నా వేళ్ళలోకి. వాటిలో ఒకటి దొంగచూపు. బంతి తన దగ్గరికి రాకముందే, ఎవరికీ తెలియకుండా భుజం మీంచి వెనక్కి చూసి, ఎవరెక్కడున్నారో కనిపెట్టెయ్యడం. "పొయ్యి మీద పాలు పెట్టి అటు తిరిగి కూర తరుగుతాం. చెయ్యి కత్తిపీట మీద, చెవి పాల మీద, ఓరచూపు గుమ్మంలో పాకే బిడ్డ మీద. అదే ఇది. మనకి ఇంట్లో వచ్చేస్తుంది, పిల్లలకి ఆటలో నేర్పాలి" అని చెప్పింది నాకు. అందుకని, 'ఏడో నంబరు పిల్లకి దొంగచూపు బాగా ఉంది, మొదటి జట్టులోకి తీసుకోవచ్చు' అని రాస్తుండేదాన్ని.

క్లబ్బుకి కొత్తగా ఒకావిడ టెక్నికల్ డైరెక్టర్‌గా వచ్చింది. ఒకప్పుడు పెద్ద గోల్‌కీపరట, చేతివేళ్ళు రెండు వంకరగా ఉంటాయి. ఒకరోజు మీటింగులో నేను టీలు ఇస్తుంటే రిపోర్టుల కట్ట ముందేసుకుని అడిగింది. "ఇవి చాలా బావున్నాయి సార్. ఈ దొంగచూపు అంటే ఏమిటి?"

అకాడమీ సారు గొంతు సవరించుకున్నారు. "అంటే... కొంచెం టక్కరితనం మేడమ్. ప్రత్యర్థిని మోసం చెయ్యడం."

చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. డైరెక్టర్ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, రిపోర్టులు పక్కన పెట్టింది. "ఇందులో సగంమంది ఒకే మైదానం నుంచి వచ్చారు. ఒకసారి వెళ్ళి చూద్దాం" అంది.

వాళ్ళొస్తున్నారని తెలిసి ఇల్లంతా హడావిడి. మావగారు పాత ట్రాక్‌సూటు ఇస్త్రీ చేయించుకున్నారు. "పిల్లలకి నేర్పే వాళ్ళని ఇక్కణ్ణుంచే తీసుకుంటారట. నన్ను పెద్దగా ఉండమంటారేమో" అని, కాస్త ఆగి, "ఆ రోజు మాత్రం నువ్వు నీళ్ళూ అవీ చూసుకో" అన్నారు అత్తగారితో. "సరేనండీ" అంది ఆవిడ. ఆ సరేనండీ విని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీదో, మీటింగులో నోరు మూసుకున్న నా మీదో తెలియలేదు.

ఆ పొద్దున మావగారు విజిల్ ఊదారు. పిల్లలు వరసలో నిలబడ్డారు గానీ, పాస్ ఇచ్చే ముందు ప్రతి తలకాయా అత్తగారు నిలబడ్డ నీళ్ళ డ్రమ్ము వైపు తిరుగుతోంది. డైరెక్టర్ చేతులు కట్టుకుని బంతిని వదిలేసి ఆ తలకాయల్నే చూస్తోంది. ఇంతలో, అందరూ నత్తగుల్ల అని పిలిచే ఎనిమిదేళ్ళ పిల్ల దగ్గరికి బంతి వస్తోంది. వెనకాల ఇద్దరు కమ్ముకొస్తున్నారు, ఆ పిల్లకి తెలియలేదు.

"దొంగచూపే!" అని అరిచింది అత్తగారు.

నత్తగుల్ల చటుక్కున భుజం మీంచి చూసింది. ఆపుదామనుకున్న బంతిని ఆపకుండా ఎడమ కాలితో ఇద్దరి మధ్యలోంచి జార్చేసి, తనూ జారిపోయింది. అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది.

డైరెక్టర్ నేరుగా ఆవిడ దగ్గరికి నడిచొచ్చింది. "ఏమన్నారు మీరు?"

"ఏం లేదమ్మా, ఊరికే..."

"ఆ పిల్లని ఎడమ పక్కే ఎందుకు ఆడిస్తున్నారు?"

"దాని కుడి కాలు ఎలాగూ మాట వింటుందమ్మా. వినని కాలితోనే కదా పని. అయినా దానికి పరుగు లేదు, పరుగున్న వాళ్ళకంటే ముందు చూడ్డం నేర్పితే ఇంక పరుగుతో పనేముంది? ఇంకో రెండేళ్ళు మీ పెద్ద గ్రౌండులో వెయ్యకండి, దాని మీద దానికి నమ్మకం పోతుంది..." గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్న ఆవిడకి మావగారు కనబడ్డారు. గొంతు తగ్గిపోయింది. "అంటే, ఆయనే అలా చెప్పారు."

ఇంక నా వల్ల కాలేదు. "ఆయన చెప్పలేదు మేడమ్, ఈవిడే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ రిపోర్టుల్లో మాట కూడా ఈవిడదే. రిపోర్టులు నావి. రెండేళ్ళ నుంచీ నేనే రాస్తున్నాను." అకాడమీ సారు పక్కనే ఉన్నారు, ఆయన మొహం చూడలేదు నేను. డైరెక్టర్ మావగారి వైపు తిరిగింది. ఆయన విజిలు తాడు వేలికి చుట్టుకున్నారు. "నా మోకాలు పోయిన దగ్గర్నుంచీ..." అని మాత్రం అనగలిగారు.

మూడో రోజు మావగారు ఉన్నట్టుండి, "ఏదైనా నీకు నేర్పింది నా నోట్సే కదే" అన్నారు. అత్తగారు తలెత్తకుండా, "అవునండీ. రాసింది ఎవరు?" అంది. ఆయన ఏదో అనబోయి, ఆగి, పకపకా నవ్వేశారు. అన్నేళ్ళలో ఆయన తన మీద తాను నవ్వుకోవడం అదే మొదటిసారి చూడ్డం అన్నాడు మా ఆయన.

డైరెక్టర్ ఇంటికి వచ్చింది. క్లబ్బులో చిన్నపిల్లల విభాగానికి అత్తగారే పెద్దగా ఉండాలని, కారు పంపిస్తామని, గడ్డి గ్రౌండులో నేర్పించవచ్చని చెప్పింది. "అమ్మా, ఈ వయసులో నీకెందుకిదంతా?" అన్నాడు మా ఆయన. అత్తగారు కొడుకు మాట వినబడనట్టే డైరెక్టర్‌తో మాట్లాడింది. "నేను రానమ్మా. ఆరేళ్ళ పిల్ల రెండు బస్సులు మారి మీ గేటు దాకా రాలేదు. వచ్చినా మీ వాచ్‌మన్ రానివ్వడు. ఆట వాళ్ళ వీధిలోనే ఉండాలి. నన్ను అక్కడికి తీసుకెళ్ళడం కాదు, మీ కోచ్‌లని ఇక్కడికి పంపండి. నేర్పుతాను, వాళ్ళు వెళ్ళి వాళ్ళ వాళ్ళ వీధుల్లో నేర్పుతారు. ఇంకో మాట. కాగితం మీద నా పేరుండాలి. పక్కన ఎవరి భార్యనో రాయక్కర్లేదు."

డైరెక్టర్ లేచి నిలబడి, ఆ వంకర వేళ్ళతో ఆవిడ చెయ్యి పట్టుకుంది.

సోమవారం అయిదింటికి నేను తయారవుతుంటే మా ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "నీ ఆఫీసు తొమ్మిదికి కదా. మరి టిఫిన్?"

"వంటింట్లో అన్నీ ఉన్నాయి, చేసుకోండి. మావయ్యగారికి కూడా" అన్నాను.

మైదానంలో ఆరుగురు కోచ్‌లు కొత్త ట్రాక్‌సూట్లలో వరసగా నిలబడ్డారు. ఒకప్పుడు లీగుల్లో ఆడినవాళ్ళు ఇద్దరు. చివర్న, ఆరో మనిషిగా, అకాడమీ సారు. నా చేతిలో హాజరు పుస్తకం ఉంది, పేర్లు రాయడం నా పని. అత్తగారు వాళ్ళ ముందుకొచ్చి, మొహాలు కాదు, కాళ్ళు చూసింది. ఆవిడ వెనక ముప్పై మంది పిల్లలు ఒట్టి పాదాలతో నిలబడి ఉన్నారు.

"బూట్లు విప్పండి" అంది. "ముందు నేల ఎలా ఉందో మీకు తెలియాలి. తర్వాతే దాని మీద పిల్లల్ని పరిగెత్తించేది."

ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మొదట పిడుగు వయసున్న ఒకమ్మాయి వంగి లేసులు లాగింది. తర్వాత ఒక్కొక్కరూ. అందరికంటే చివర అకాడమీ సారు.

ఆరు పేర్లు రాశాను. కింద ఏడోది నా పేరు రాసుకుని, పుస్తకం మూసి, చెప్పులు విప్పి వరసలో నిలబడ్డాను.