ఎ-వన్ ఫిట్

పై నుంచి రెండో బొత్తాం ఎప్పుడూ మొరాయిస్తుంది. ప్రవల్లిక దాన్ని కాజాలోకి దూరుస్తున్నంతసేపూ లలిత్ కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. బొత్తాలు పెట్టించుకునేటప్పుడు భార్య మొహంలోకి చూడడు. అదేదో వేరే ఎవరికో జరుగుతున్న పని అన్నట్టు నిలబడతాడు. కుడిచెయ్యి మామూలుగానే వేలాడుతూ ఉంటుంది. చూసేవాళ్ళకి అందులో ఏ తేడా కనబడదు. వేళ్ళు మడుస్తాడు, తెరుస్తాడు, ఎదుటివాళ్ళు చెయ్యి చాస్తే కలుపుతాడు కూడా. ఆ వేళ్ళు బొత్తాం పట్టుకోలేవు, కలం పట్టుకోలేవు, చేపలో ముల్లు తీయలేవు. ఆ సంగతి తెలిసింది ఇంట్లోవాళ్ళకే.

"వల్లీ, కాలరు సరిసెయ్యి," అన్నాడు వీధిలోకే చూస్తూ.

హాల్లోంచి మావగారు చెన్నకేశవరావు కేకేశాడు. "ఒరే లలితూ, కంపెనీ నుంచి మెసేజీ వచ్చినాది. లక్ష్మీవారం మళ్ళీ ఆ డాక్టరమ్మనే పంపిస్తన్నారట!"

ప్రవల్లిక చెయ్యి కాలరు మీదే ఆగిపోయింది. లక్ష్మీవారం. న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో చిన్న స్కూలు నడిపే రూతు చెప్పింది కూడా ఆ రోజే. "లెక్కల టీచరు మానీసినాది, ప్రవల్లికా. లక్ష్మీవారం నించి నువ్వొచ్చీ. రాలేనంటే ఇప్పుడే సెప్పీ, ఇంకొకళ్ళని సూసుకుంటాను. ఎన్నాళ్ళని పోస్టు కాళీగా ఉంచీడం?" ఆలోచించి చెబుతానంది. అప్పటి నుంచీ ఆలోచన గిన్నెలు తోమేటప్పుడూ వదలదు, బట్టలు ఆరేసేటప్పుడూ వదలదు. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తుండక రెండుసార్లు వేసింది.

లలిత్ విమానాలు నడిపేవాడు. ఆ మాట ఖరగ్‌పూర్లో ఎవరికైనా కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో పైలట్ అంటే రైలింజను నడిపేవాడు. పెళ్ళైన కొత్తలో "మా ఆయన పైలట్" అంటే కూరల దుకాణంలో ఆడవాళ్ళు "గూడ్సా, పాసింజరా?" అని అడిగేవారు. విమానం అని చెబితే కాసేపు ఆలోచించి, "అయితే డూటీలు నయమేలే, ఇంటికి వేళకొస్తాడు," అని ధైర్యం చెప్పేవారు. ఈ ఊరి లెక్కలో అసలైన పైలట్ చెన్నకేశవరావే. రిటైరయ్యేదాకా ఇంజను దిగలేదు.

ఆయన ఇంజను దిగకుండా ఉండటానికి ఇల్లంతా కష్టపడేది. రైల్వేలో డ్రైవర్లకి ఎప్పటికప్పుడు మెడికల్ ఉంటుంది. కళ్ళూ చెవులూ బీపీ అన్నీ బాగుంటేనే ఎ-వన్. ఎక్కడ తేడా వచ్చినా ఇంజను నుంచి దించి ఆఫీసులో ఫైళ్ళ ముందు కూర్చోబెడతారు. మెడికల్ దగ్గర పడుతోందంటే అత్తగారు చంద్రావతి క్యారెట్లు, అవిసాకు తప్ప ఇంకేమీ వండేది కాదట. డాక్టరు ఏమడిగినా ఆయన జవాబు ఒకటే: "ఎ-వన్ ఫిట్, సార్!" మోకాళ్ళు? ఫిట్. నిద్ర? ఫిట్. ఆ భోజనాల బల్ల దగ్గర పెరిగిన లలిత్‌కి తన ఉద్యోగంలోనూ ఏటేటా మెడికలే. డాక్టరు ఎదుట తండ్రీ కొడుకూ నేర్చుకున్న మాట అదొక్కటే.

పోయిన చలికాలం విమానాల కంపెనీ డాక్టరు మొదటిసారి వచ్చినప్పుడు ఆ మాటే కొంప ముంచింది. ఆమె బెంగాలీ ఆవిడ, నెమ్మదస్తురాలు. మళ్ళీ ఉద్యోగం చెయ్యలేనివాళ్ళకి కంపెనీ నెలనెలా ఇచ్చే సాయం లలిత్‌కి వర్తిస్తుందా లేదా అని చూడటానికి వచ్చింది. సొంత పనులకి కూడా ఇంకొక మనిషి చెయ్యి కావలసివస్తేనే వర్తిస్తుంది. లలిత్ ఇస్త్రీ చొక్కాలో, నున్నగా గీసిన గెడ్డంతో, లేసులు కట్టిన బూట్లతో సోఫాలో కూర్చున్నాడు. ఇస్త్రీ, గెడ్డం, లేసులు మూడూ ప్రవల్లిక చేతివే.

"చొక్కా మీరే వేసుకుంటారా?" హిందీలో అడిగింది డాక్టరు.

"వేసుకుంటాను."

"భోజనం?"

"నో ప్రాబ్లమ్."

"ఎ-వన్ ఫిట్ హై, మేడమ్!" వెనకాల నుంచి చెన్నకేశవరావు ఛాతీ విరుచుకుని అన్నాడు.

డాక్టరు టీ తెచ్చిన ప్రవల్లిక వైపు తిరిగింది. "దీదీ, మీరేం చేస్తుంటారు?"

ప్రవల్లిక నోరు తెరిచేలోపే చంద్రావతి అందుకుంది. "కుఛ్ నహీ కర్తీ మేడమ్, ఘర్ మే రహ్తీ హై." వంటింట్లోకి పోతూ తెలుగులో ఇంకోసారి అంది, ఎవరికీ అనుమానం మిగలకుండా. "ఇదేటి సేత్తాదమ్మా, ఏటీ సేయదు. ఇంట్లోనే ఉంటాది."

సాయం వర్తించదని కబురొచ్చింది. అతనికి ఇతరుల సహాయం అవసరం లేదట. మళ్ళీ చూడమని అర్జీ పెట్టేదాకా, వారం రోజులు ఇంట్లో అదే గొడవ. "ఆ టీలో పంచదార ఎక్కువేసినావు. ఆవిడ మొహం అప్పుడే మారిపోనాది," అని అత్తగారు తేల్చింది. లలిత్ మాత్రం, "నువ్వు కాస్త దిగులుగా కనబడాల్సింది వల్లీ," అన్నాడు.

దిగులుగా కనబడటం. దానికి కూడా ఆమే కావాలి.

కరోనా టీకా రోజులు గుర్తొచ్చాయి ఆమెకి. అప్పుడు కలకత్తాలో ఎయిర్‌పోర్టు దగ్గర ఫ్లాట్‌లో ఉండేవారు. సూది వేయించుకోనివాళ్ళకి డ్యూటీ లేదని కంపెనీ చెప్పింది. లలిత్ ఒప్పుకోలేదు. ఫోన్లో స్నేహితులతో హాలంతా తిరుగుతూ అరిచేవాడు. "నా ఒళ్ళు నా ఇష్టం. నా ఒంట్లోకి ఏటి ఎక్కించుకోవాలో కంపెనీ సెప్పీదేటి?" మావగారు ఖరగ్‌పూర్ నుంచి ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. మగాడంటే అలాగుండాలన్నాడు. వంటింట్లో చపాతీ ఒత్తుతున్న ప్రవల్లిక చేతిలో కర్ర ఆగిపోయింది. నా ఒళ్ళు నా ఇష్టం. కాపరానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆ ఇంట్లో వినబడటం అదే మొదలు. ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న కూతురు కన్యక పుట్టాక ఆమెకి కాపర్-టి వేయించాలని ఆస్పత్రి వరండాలో అత్తగారూ లలితూ అనుకున్నారు. కొన్నేళ్ళకి, మగపిల్లాడు కూడా ఉంటే బాగుంటుందని, తీయించాలనుకున్నారు. రెండుసార్లు కడుపు నిలవక పోయాక ఇక చాలనుకున్నారు. ఆ మూడుసార్లూ ఆమె అక్కడే ఉంది, పక్క గదిలో. అప్పట్లో ఆమె లెక్కలు చెప్పే బడిలోనూ టీచర్లందరూ టీకా వేయించుకోవాలన్నారు. మంచిదే అనుకుని వెళ్ళి వేయించుకుంది. దాని గురించి ఇప్పటికీ బాధ లేదు. మర్నాడు జ్వరంతో ఒత్తిన చపాతీలు మందంగా ఎందుకున్నాయనే తప్ప, ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. ఆ బాధ మాత్రం ఉంది.

లలిత్‌ని డ్యూటీల్లోంచి తీసేశారు. ఇంట్లో ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే ఒక ఉదయం గెడ్డం గీసుకుంటుంటే చేతిలో రేజరు జారి పడింది. వంగి తీసుకోబోతే చెయ్యి మాట వినలేదు. పక్షవాతం అన్నారు. కాళ్ళూ మాటా తిరిగొచ్చాయి, చెయ్యి సగమే వచ్చింది. డ్యూటీలో లేనప్పుడు వచ్చిన జబ్బు కాబట్టి అతను ఉద్యోగి కిందికి వస్తాడా రాడా అని కంపెనీ చాలాకాలం నానబెట్టి, చివరికి వస్తాడంది. ఆలోగా ఫ్లాట్ ఖాళీ చేసి ఖరగ్‌పూర్ పూరీ గేట్లో మావగారింటికి వచ్చేశారు. ప్రవల్లికని ఉద్యోగం మానమని ఎవరూ అనలేదు. "ఇంక నువ్వెలాగూ ఇంట్లోనే గదా," అన్నారు, అంతే.

బుధవారం సాయంత్రం టీ తాగుతూ ఉండగా ఆమె ఆ విషయం ఎత్తింది. "ఈసారి సాయం వస్తే ఆయా సెంటర్ నించి మిమ్మల్ని సూసుకోడానికి పగటిపూట ఒక మనిషిని పెట్టుకుందామండీ. నేను రూతక్క స్కూలుకి ఎళ్తాను."

"ఇంట్లో మనిషుండగా బయట మనిషేటే?" అంది చంద్రావతి.

"పరాయి మనిషి నా సొక్కా బొత్తాలు పెడతాదా?" లలిత్ కప్పు కింద పెట్టేశాడు. "అయినా నీకేటి కష్టమవుతంది వల్లీ? రోజంతా ఇంట్లోనే ఉంటావు గదా."

తర్వాత రేపటి రిహార్సల్ మొదలైంది. చెన్నకేశవరావు డాక్టరై ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. "సొక్కా ఎవులు ఏస్తారు?"

"నే..." లలిత్ ఆగిపోయాడు.

"నేనేసుకోలేను అని సెప్పరా! అన్‌ఫిట్ అను!"

"మీరనండి నాన్నా, ముందు."

చెన్నకేశవరావు నోరు తెరిచాడు. లేచి వాష్ బేసిన్ దగ్గరికి పోయి చాలాసేపు పుక్కిలించాడు.

"మీ వల్ల అయ్యేది కాదు గాని నాను సెప్తాను," అంది చంద్రావతి. "అన్నీ నానే సేత్తన్నానంటాను. తల్లి సేత్తాదంటే ఎవులికైనా జాలేత్తాది. పెళ్ళాం సేత్తాదంటే అది దాని డూటీ, దానికెవుడు డబ్బిత్తాడు?"

లలిత్ తలూపాడు. "అదీ నిజమే. అమ్మనే సెప్పనీ. వల్లీ, నువ్వు నన్ను తయారుసేసీసి లోపలుండు."

ప్రవల్లిక లేచింది. కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది, కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. రోజూ తాను అతన్ని తయారుచేస్తుంది. తన పని అయ్యేసరికి జబ్బు కనబడకుండా పోతుంది, తన పనీ కనబడకుండా పోతుంది. ఇన్నాళ్ళూ తాను బొత్తాలు పెట్టి మూసింది ఆ రెంటినే. రేపు అదే చేసి, దాన్ని అత్తగారి పేరు మీద రాయించి, తలుపు వెనక నిలబడాలి. మనసు ఒకచోట కూర్చోలేదు. రేపు తాను చెయ్యకపోతే? పాపం, మనిషి చొక్కా లేకుండా కూర్చుంటాడు. ఆ పాపం అన్న మాటే ఇన్నాళ్ళూ తన చేత అన్నీ చేయించింది. గంట కాక ముందే రూతుకి ఫోన్ చేసింది. "వస్తన్నానక్కా," అని మాత్రం చెప్పింది.

లక్ష్మీవారం ఉదయం లలిత్‌కి గెడ్డం గీసింది, తినిపించింది. నీలం చొక్కా ఇస్త్రీ చేసి అతని పక్కన కుర్చీకి తగిలించింది. బూట్లు కాళ్ళ దగ్గర పెట్టింది. తాను నేత చీర కట్టుకుని, సంచీ భుజానికి వేసుకుని వచ్చింది.

"వల్లీ," అన్నాడు లలిత్. బనీనుతో కూర్చుని ఉన్నాడు. "ఇంకా సొక్కా ఎయ్యలేదు నువ్వు."

"అత్తయ్య ఏస్తారండి."

బయట టోటో, బ్యాటరీ రిక్షా, ఆగిన చప్పుడైంది. చంద్రావతి వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఏటే పిల్లా, ఆవిడొచ్చీసినాది! ఎక్కడికే సంచీ ఏసుకుని?"

"నేనేటీ సేయను గదా అత్తయ్యా," అంది ప్రవల్లిక. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెబుతున్నట్టే అంది. "పోయినసారి డాక్టరుగారికి మీరే సెప్పినారు."

వరండాలో డాక్టరు ఎదురైంది. గుర్తుపట్టి నవ్వింది. "దీదీ, బయటికా?"

"స్కూలుకి మేడమ్, టీచర్ని," అంది ప్రవల్లిక హిందీలో. "ఆయన లోపల ఉన్నారు. ఇవాళ ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. చూడండి."

గేటు దగ్గరికి వచ్చేసరికి సైకిలు చైను ఊడి ఉంది. వంగి ఎక్కిస్తుంటే హాలు కిటికీలోంచి అన్నీ వినబడుతున్నాయి. అత్తగారి వేళ్ళు కీళ్ళ నొప్పులవి. "ఈ బొత్తామేటి ఇలగుంది, దూరదు! నిలబడరా సరిగ్గా!" రెండో బొత్తామే అయ్యుంటుంది. లేచి ఆ కాజాని కాస్త పక్కకి లాగి పట్టుకోమని చెబుదామా అనిపించింది. చెప్పలేదు. మావగారు "ఎ-వ..." అని మొదలుపెట్టి దగ్గులోకి దింపేశాడు. "నేనే చేస్తాను మేడమ్, రోజూ నేనే," అంటోంది చంద్రావతి హిందీలో, వగరుస్తూ.

తర్వాత డాక్టరు గొంతు, నెమ్మదిగా. "మీరు చెప్పండి కెప్టెన్. రోజూ మీకు ఇదంతా ఎవరు చేస్తారు?"

చైను పళ్ళలోకి ఎక్కింది. ప్రవల్లిక నల్లబడిన వేళ్ళతో నిలబడింది.

"వల్లీ," అన్నాడు లలిత్.

ఆమె కాళ్ళు ఇంటివైపు తిరిగిపోయాయి. ఆ మాట వినబడితే తిరగడం వాటికి అలవాటు. పిలిచాడా? డాక్టరుకి జవాబు చెప్పాడా? పిలుపే అయితే ఇంకోసారి పిలుస్తాడు. మొదటి పిలుపుకి వెళ్ళకపోతే రెండోది గట్టిగా ఉంటుంది, ఆమెకి తెలుసు. పెడలు మీద ఒక కాలు పెట్టి, కిటికీ వైపు చెవి పెట్టి ఆగింది.

రెండోసారి పిలవలేదు.