రెండో సముద్రం

మస్తానయ్య పొలంలోకి సముద్రం రెండుసార్లు వచ్చి పోయినట్టు తేలింది. తేల్చింది నేనే. తేల్చిన మరుక్షణం నుంచి నాకు మతి పోయింది, ఎందుకంటే చుట్టుపక్కల ఏ పొలంలోకీ అది ఒకసారికి మించి రాలేదు. పక్కవాళ్ల గట్టు దాటకుండా, చుట్టపుచూపుగా ఒక్క మస్తానయ్య చేలోకే వచ్చిపోయే సముద్రం ఎక్కడైనా ఉంటుందా?

నా పేరు కౌసర్. నెల్లూరులో ఎమ్మెస్సీ జియాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆరు వేల ఏళ్ల కిందట ఈ తీరంలో సముద్రం ఇప్పటికంటే లోపలికి ఉండేది. ఎంత లోపలికి ఉండేది, ఎప్పుడు వెనక్కి తగ్గింది అన్నదే నా ప్రాజెక్టు. ఇందుకూరుపేటలో బస్సు దిగి, ఆటో ఎక్కి, చేత్తో తిప్పే బోరు గొట్టం ఒకటి భుజాన వేసుకుని పొలం పొలం తిరిగాను. గొట్టాన్ని నేలలోకి తిప్పడం, పైకి లాగడం, అందులో ఇరుక్కొచ్చిన మట్టిని వరసగా పరిచి చూడడం. పైన ఇసక, దాని కింద జిగురు బంకమన్ను, ఆ కింద నల్లటి బురద, ఆ బురదలో తెల్లగా గుల్లలు. గుల్లలున్నచోట ఒకప్పుడు సముద్రం ఉన్నట్టు లెక్క. అన్ని పొలాల్లోనూ ఇదే వరస. మస్తానయ్య దగ్గర మాత్రం కింది గుల్లలు కాక, పైనే, మోచేతి లోతులోనే, నల్ల బురదా గుల్లలూ ఇంకోసారి తగిలాయి.

కిందిది పాతది, పైది కొత్తది. మా చదువులో మొదటి రోజు చెప్పే మాట ఇది. ఆ లెక్కన సముద్రం వెళ్లిపోయింది, ఇసక పేరుకుంది, మళ్లీ సముద్రం వచ్చింది. మా గైడు మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. "నిజమైతే జర్నల్‌కు పేపరు రాయొచ్చు కౌసర్" అన్నారు. పేపరు అన్న మాటే విన్నాను. 'నిజమైతే' అన్నది నా చెవికెక్కలేదు.

మస్తానయ్యకు నా సముద్రంతో పనిలేదు. ఆయన దిగులంతా దొరువు గురించి. ఈ ఇసకనేలల్లో బావికి బదులు వెడల్పుగా, లోతు లేకుండా ఒక గుంట తవ్వుకుంటారు. ఇసకలో ఇంకిన వాననీళ్లు అందులో ఊరతాయి. అదే దొరువు. ఆయన నారుమడీ, వంగతోటా, బెండా, తోటకూరా అన్నీ ఆ నీళ్ల మీదే బతకాలి. రెండేళ్లుగా ఆ నీళ్లు ఉప్పెక్కాయి. నేను వెళ్లేసరికి వంగ ఆకులు అంచుల నుంచి మాడిపోతున్నాయి. గట్టు అవతల గిరిబాబు రొయ్యల గుంటలు. వాటిలో ఉప్పునీళ్లు. ఇక వేరే సాక్ష్యం ఎందుకంటాడు మస్తానయ్య.

"నువ్వు మట్టి పరీక్షలు చేసే పిల్లవి గదా. ఈ ఉప్పు గిరిబాబు గుంటల్లోంచే వస్తా ఉండాదని ఒక కాగితం రాసీమ్మా. ఒక సోమవారం చూసి కలెక్టరాఫీసులో అర్జీతో పాటు పెడతా" అన్నాడు మొదటి రోజే. పొలంలో బోరు వెయ్యనివ్వడానికి ఆయన పెట్టిన షరతు అదొక్కటే. సరేనన్నాను. అప్పటికి అది చాలా తేలిక పనిలా కనిపించింది.

కోపిష్టి మనిషి. గిరిబాబు పేరెత్తితే చేతిలో ఏముంటే అది విసిరేస్తాడు, ఏమీ లేకపోతే భుజం మీది తువ్వాలు తీసి విసిరేస్తాడు. కానీ నా గొట్టం బంకమన్నులో బిగుసుకుపోయినప్పుడల్లా నన్ను పక్కకు జరగమని, రొప్పుకుంటూ తానే తిప్పాడు. ఆయన భార్య కామాక్షమ్మకు నన్ను చూస్తే సరదా. ఉప్పు ఏమాత్రం ఉందో తెలుసుకోవడానికి నేను మట్టి కొంచెం నాలుక మీద వేసుకుంటే, "ఏందిమే కౌసరూ, నెల తప్పినదాని మాదిరి ఆ మట్టి తినేది? మీయమ్మకు తెలిస్తే నన్నడగతాది" అని పడీ పడీ నవ్వేది. పెళ్లి కాని పిల్లనన్న జాలి కూడా లేదు.

నాలుకను నమ్మకుండా, నీళ్లలో ఉప్పు కొలిచే మీటరు కూడా పెట్టాను. అక్కడ మొదలైంది అసలు తికమక. ఉప్పు గుంటల నుంచి వస్తుంటే గట్టు దగ్గర ఎక్కువ ఉండాలి, దొరువు దగ్గర తక్కువ ఉండాలి. మీటరు తిరగేసి చెప్పింది. గట్టు దగ్గర వేసిన బోరులో నీళ్లు తాగేలా ఉన్నాయి. దొరువు పక్కన వేసిన బోరులో నోట పెట్టుకోలేం. మీటరు చెడిపోయిందనుకుని బ్యాటరీ మార్చాను. మార్చినా అదే మాట. ఈ సంగతి మస్తానయ్యకు చెప్పలేదు. చెప్పడానికి నాకు అర్థమైతే కదా!

ఇంతలో నేను ల్యాబుకు పంపిన గుల్లల వయసు తేలి వచ్చింది. పై గుల్లలవి ఆరు వేల ఏళ్ల చిల్లర. కింది గుల్లలవీ ఆరు వేల ఏళ్ల చిల్లర. తల్లీ కూతురూ ఒకేరోజు పుట్టినట్టుంది యవ్వారం. ల్యాబులో సంచులు మారిపోయాయేమోనని అడిగాను, మారలేదన్నారు. సరే, పెద్ద తుఫాను ఏదో పాత గుల్లల్ని ఎత్తి పైన పోసి ఉంటుందని నెపం తుఫాను మీదికి నెట్టాను. అలాగైతే గుల్లలు తూర్పున, సముద్రం వైపు, దట్టంగా ఉండి, ఇటు వచ్చేకొద్దీ పలచబడాలి. గ్రాఫు కాగితం మీద గీసి చూస్తే తూర్పూ లేదు, పడమరా లేదు. దొరువు చుట్టూ దట్టం, దూరం జరిగేకొద్దీ పలచన. ఆ బొమ్మ చూస్తూ కూర్చుంటే తల తిరిగింది. ఏడుపు కూడా వచ్చింది, దాచడమెందుకు.

శనివారం గిరిబాబు మోటారు సైకిలు గట్టు మీద ఆపి నన్ను పిలిచాడు. మర్యాదస్తుడే. "ఈడ ఒకప్పుడు సముద్రం ఉండేదంట గదమ్మా. అంటే ఉప్పు నేలలోనే పుట్టినట్టు గదా. ఆ ముక్క నువ్వు రాసిస్తే మస్తానన్న ఊరుకుంటాడు" అన్నాడు. చూసి చెబుతానన్నాను. చూసి చూసి కళ్లు కాయలు కాచాయి, ఇంకేం చూడాలో తెలియలేదు. ఒకే మట్టి. మస్తానయ్యకు ఒక కాగితం కావాలి, గిరిబాబుకు ఇంకొకటి కావాలి. నాకేమో పేపరు కావాలి. మట్టి మాత్రం ఎవరి మాటా వినడం లేదు.

ఆదివారం పొద్దున గొట్టం పక్కన పడేసి పార పట్టాను. గొట్టంలో కనిపించేది పిడికెడు మట్టే. గోయి తీసి దాని గోడ నున్నగా చెక్కితే పొరలన్నీ ఎదురుగా కనిపిస్తాయి. దొరువుకు నాలుగు బారల దూరంలో నడుము లోతున గోయి తీశాను. పైన ఇసక. దాని కింద నల్ల బురద, నా రెండో సముద్రం, గుల్లలతో సహా. దాని కింద మళ్లీ ఇసక. ఆ బురదకూ కింది ఇసకకూ మధ్య ఏదో నీలంగా మెరిసింది. గోటితో గీకి బయటకు లాగాను.

రూపాయి షాంపూ ప్యాకెట్.

ఆరు వేల ఏళ్ల నాటి గుల్లల కింద షాంపూ ప్యాకెట్. కిందిది పాతది, పైది కొత్తది. ఎంత తిప్పి చూసినా అది షాంపూ ప్యాకెట్టే. గోతిలోనే చతికిలపడ్డాను.

కామాక్షమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. "అక్కా, ఇక్కడ ఎప్పుడన్నా మట్టి తోలించినారా?" అని అడిగాను.

"తోలించేదేంది, దొరువులో మన్నే. రొండేళ్ల కిందట ఎండలకు నీళ్లు అడుగంటినాయి గదా. గిరిబాబు గుంటలు తవ్వేదానికి ప్రొక్లెయిన్ వచ్చి ఉండాది. ఎటూ మిషను గట్టు మీదనే ఉండాది గదా అని మీ అన్న దాన్ని పిలిచి దొరువు లోతు చేయించినాడు. పైకొచ్చిన నల్లమన్నంతా ఈడ పరిచి, మింద ఇసక పోసినాము. గుల్లలు బలే ఉండాయని పిల్లకాయలు ఏరకపోయినారు గూడా."

"లోతు చేయించినాక నీళ్లు?"

"ఓ, నిలువెత్తు ఊరినాయి. రొండు నెలలు తీపుగానే ఉండాయి. ఆ తర్వాతే గిరిబాబు ఉప్పు తగిలింది."

మజ్జిగ చెంబు గోతి అంచున పెట్టేశాను. నా రెండో సముద్రం ప్రొక్లెయిన్ తొట్టిలో వచ్చింది. అది పోయినందుకు మొదట సిగ్గేసింది, మేడమ్‌కు ఏం చెప్పాలా అని. ఆ వెంటనే మస్తానయ్య అర్జీ గుర్తొచ్చింది. పైన ఇసకలో వాననీళ్లు నిలిచేది కింద బంకమన్ను మూతలా ఉండబట్టే. ఆ మూత కింద, నల్ల బురదలో, పాత సముద్రం ఉప్పు ఇంకా అలాగే ఉంది. నల్లమన్ను పైకొచ్చిందంటే మిషను ఆ మూతను చీల్చినట్టే. పిలిపించింది మస్తానయ్యే.

సాయంత్రం ఆయన ఇందుకూరుపేటలో మర్నాటి సోమవారానికి అర్జీ టైపు చేయించుకుని, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చాడు. దొరువు గట్టున కూర్చోబెట్టి అంతా చెప్పాను. గట్టు దగ్గర నీళ్ల సంగతీ చెప్పాను. 

"అంటే నా నోట్లో నేనే మన్ను కొట్టుకున్నానంటావా?"

"ఇప్పుడు దొరువులో ఉండే ఉప్పు కిందనుంచి వచ్చిందే అనుకుంటున్నానన్నా. గుంటల ఉప్పు రేపు రాదని మాత్రం చెప్పలేను."

"అనుకుంటున్నావు. మొన్న సముద్రం రొండు తూర్లు వచ్చిందని గూడా అనుకున్నావు."

 షాంపూ ప్యాకెట్ ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి భార్య వంక చూశాడు. కామాక్షమ్మ ఒక్క మాట ఎగతాళిగా అంటే బాగుండుననిపించింది.  మస్తానయ్య భుజం మీది తువ్వాలు తీశాడు. విసిరేస్తాడనుకున్నాను. మొహం తుడుచుకుని మళ్లీ భుజాన వేసుకున్నాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

"చీలినకాడ బంకమన్ను కూరితే?" అన్నాడు.

"కూరొచ్చు. ఎంత లోతులో కూరాలో చెప్పగలను. నీళ్లు మళ్లీ తీపెక్కుతాయో లేదో మాత్రం తెలీదన్నా."

"కూరకపోతే? ఆ ఉప్పు దానంతట అది పోదా? అంత పెద్ద సముద్రం, ఎవురూ తరమకుండానే పోయిందంటివే!"

"పోయింది."

"పొయ్యేదానికి ఎన్నేళ్లు పట్టింది?"

ఇన్నాళ్లలో ఆయన నా చదువు గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. దానికి మాత్రం నాకు జవాబు తెలుసు.

"రెండు వేల ఏళ్లు పట్టి ఉంటుందన్నా."

మస్తానయ్య దొరువులోకి చూశాడు, మాడిన వంగతోట వైపు చూశాడు. అర్జీ కవరు కామాక్షమ్మ చేతికిచ్చి, పంచె ఎగ్గట్టి, నేను గోతి పక్కన వదిలేసిన పార అందుకున్నాడు.

"నాకంత టైం లేదమ్మా" అన్నాడు. "ఆ తట్ట ఇట్టా తే."