ఉల్కను ఎవరు పారేశారు?

"రేపటి నుంచి నువ్వు రావక్కర్లేదమ్మా" అన్నాడు డబ్బింగ్ డైరెక్టరు ఫోన్లో. "చివరి సీను డైలాగు బయటికి పోయింది. అక్షరం పొల్లు పోకుండా పోయింది. ఆ కాగితం చూసింది నువ్వూ నేనే."

ఆమె ఏదో అడగబోయేలోగా ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఉల్క ఒక అంతరిక్ష సినిమాల వరుసలో కథానాయిక. ఐదారేళ్ల పిల్లగా, కాలిపోయిన చిన్న నౌకలో ఒంటరిగా దొరుకుతుంది. ఎవరి పిల్లో, అక్కడ ఎవరు పారేశారో రెండు సినిమాలు గడిచినా తేలలేదు. చక్రవర్తి కూతురని కొందరు, శత్రురాణికి కవల చెల్లెలని కొందరు, అసలు మనిషే కాదు, యంత్రమని ఇంకొందరు అభిమానులు కొట్టుకు చచ్చేవారు. ఆ రెండు సినిమాల్లోనూ మన భాషలో ఉల్కకు గొంతు ఇచ్చింది ఈమె. తెర మీద ఈమె పేరు ఒక్కసారి కూడా పడలేదు.

మూడో సినిమాలో ముడి విడిపోతుంది. "నన్నెవరూ పారెయ్యలేదు. నేనే తలుపు తీసుకుని వచ్చేశాను" అంటుంది ఉల్క. ఆ మాటలో ఏడుపూ ఉండకూడదు, గర్వమూ ఉండకూడదన్నాడు డైరెక్టరు. అందుకని ఆమె గిన్నెలు తోముతూ అదే మాటను పది రకాలుగా అని చూసుకుంది.

వంటింటి గోడకు అవతలి గది మరిదిది. పగలు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని, సాయంత్రం వీడియో ఛానల్. ఉల్క పుట్టుక మీద పూటకో సిద్ధాంతం చెబుతాడని చూసేవాళ్లు అతనికి 'సిద్ధాంతి' అని పేరు పెట్టారు. "జాతకాలు చూడకపోయినా, లేని పిల్లకి అమ్మానాన్నల్ని మాత్రం చూసిపెడతాడు" అని ఆమే నవ్వేది.

ఇప్పుడు అతని కొత్త వీడియో పెట్టి చూసింది. నౌక తలుపు గొళ్లెం లోపలి నుంచి తీసి ఉందట. దాన్ని బట్టి ఉల్క నోట రాబోయే మాటేమిటో తాను తర్కంతో పట్టేశాడట. ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించాడు. ఆమె ఎక్కడ ఊపిరి ఆపేదో సరిగ్గా అక్కడే ఆపాడు.

అతను దుకాణం నుంచి రాగానే గుమ్మంలోనే నిలేసింది.

"నా పని ఊడగొట్టావు. తెలుసా?"

"నేను ఊహించాను వదినా. ఊహించడం కూడా తప్పేనా?"

"ఊహించావా, విన్నావా?"

అతను చెప్పులు విప్పడంలో మునిగిపోయాడు. "కొంచెం చెవిన పడిందేమో. అయినా నీ పేరు ఎక్కడా చెప్పలేదుగా."

ఆ మాటతో ఆమె ఒళ్లు భగ్గుమంది.

"చెప్పడానికి నా పేరు ఎవరికి తెలుసురా!"

లోపలి నుంచి భర్త వచ్చాడు. "పోనీలే, చిన్నవాడు. ఏదో సరదాకి..."

"ముప్పై దాటినవాడు చిన్నవాడా? నెత్తి మీద జుట్టు పోతోంది, చిన్నతనం పోలేదా?"

ఈలోగా మరిది దొరికిందే సందని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి లోపలి నుంచి హుషారుగా అతని గొంతు వినిపించింది. ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టాడు. "అందరూ అడుగుతున్నారు, ఇంత బుర్ర ఎక్కడిదని..."

ఆమె తలుపు తోసుకుని వెళ్లింది. అతన్ని జరిపి, కెమెరా ముందు కూర్చుని, ఉల్క గొంతుతో మాట్లాడింది.

"ఇతను ఏదీ కనిపెట్టలేదు. గోడకి చెవి ఆనించి విన్నాడు. దొంగ."

తెర మీద వ్యాఖ్యలు వరద కట్టాయి. ఉల్క! నిజంగా ఉల్కే! సిద్ధాంతి ఆమెను రప్పించాడు! గోడ అంటే ఏ గోడ? చెరసాల నౌక గోడా?

"మా వంటింటి గోడ!" అని అరిచింది.

వంటిల్లంటే ఇంజను గది అని ఒకడు రాశాడు. అయితే తండ్రి ఇంజనీరేనని ఇంకొకడు. దొంగ అనేది రహస్య సంకేతమని మూడోవాడు. తిట్టేకొద్దీ ఆమె తిట్లకే సిద్ధాంతాలు మొలిచాయి. ఆమె ఉల్క గొంతు వదిలేసి తన గొంతుతో చెప్పింది.

"ఇదిగో, నేను. ఉల్క కాదు. ఆ మాటలు పలికింది నేను. వీడి వల్ల నా పని పోయింది."

ఎవరీ ఆంటీ? ఉల్కను పిలవండి, అని రాశారు.

ఆమె లేచి, తీగ పట్టుకుని గోడలోంచి లాగేసింది. కెమెరా ముందున్న దీపాలు ఆరిపోయాయి.

మరిది ఫోన్ చూసుకుంటూ నోరెళ్లబెట్టి అన్నాడు: "వదినా, ఎంతమంది చూశారో తెలుసా! వారానికోసారి ఇలా..."

"సామాను సర్దుకో."

"అన్నయ్యా!"

భర్త ఆమె ముఖం చూశాడు. తర్వాత అటక మీది పెట్టె దించి తమ్ముడి ముందు పెట్టాడు. ఆ మరునాడే సిద్ధాంతి దుకాణం మీది గదికి మారిపోయాడు.

కొన్నాళ్లకు డబ్బింగ్ డైరెక్టరు మళ్లీ ఫోన్ చేశాడు. జరిగింది తనకూ తెలిసిందనీ, అయినా నిర్మాతలు ఒప్పుకోవడం లేదనీ చెప్పాడు. కొత్తమ్మాయికి ఆ చివరి మాట కుదరడం లేదట. "ఒక్క పూట వచ్చి నేర్పి పోతావా?"

"నన్ను గెంటేసే ముందు ఒక్క మాట అడిగారా సార్? అడిగుంటే నేర్పేదాన్ని."

ఈసారి ఫోన్ ఆమే పెట్టేసింది.

ఇప్పుడు ఒక టీవీ సీరియల్లో గయ్యాళి అత్తకు గొంతు ఇస్తోంది. మొదటి రోజు ఆమె అరిచిన అరుపుకు అద్దం అవతలి కుర్రాళ్లు చెవుల మీది యంత్రాలు తీసేసి, "రెండోసారి అక్కర్లేదక్కా" అన్నారు.

మూడో సినిమా విడుదలైన రోజున మరిది మూడు టికెట్లు పట్టుకుని వచ్చాడు. తలుపు తీసింది భర్త. మరిది గుమ్మం బయటే నిలబడి, "నేను తప్పు చేశానని ఛానల్లో చెప్పాను వదినా, నీ పేరుతో సహా" అన్నాడు.

"విన్నాను. నీ పుణ్యమా అని నా మీద కూడా సిద్ధాంతాలు మొదలెట్టారు" అంది ఆమె లోపలి నుంచి. "మీరిద్దరూ వెళ్లి చూసి రండి."

"ఇంకా కోపమేనా?" అన్నాడు భర్త మెల్లగా.

"కోపమే" అంది ఆమె.