ఆదివారం తిరుగుడు

రాయమల్లు బొలెరో ముందద్దం మీద మగ్గుతో నీళ్లు చల్లి, పాత బనీనుతో తుడుస్తూ షెడ్డు వైపు చూశాడు. అన్వర్ అప్పుడే కారు కవరు తీస్తున్నాడు. పక్క అద్దాలకు తొడిగిన రెండు జేబులను ముందు ఊడదీశాడు. తర్వాత వెనక నుంచి చుట్టుకుంటూ వచ్చాడు. రాత్రంతా ఓపెన్‌కాస్టు గని వైపు నుంచి వచ్చిన బొగ్గు దుమ్ము కవరు మీదే ఆగిపోయింది. బొలెరోకు కవరు లేదు. దాని దుమ్మంతా రోజూ రాయమల్లు బనీనుకే అంటుతుంది.

రెండు బండ్లూ రఘుపతివే. గనుల్లో బొగ్గు మీది మట్టి తీసే పనులు ఆయన సబ్‌కాంట్రాక్టుకు తీసుకుంటాడు. బొలెరోలో కూలీలు, టైర్లు, గ్రీజు డబ్బాలు పోతాయి. కారులో రఘుపతి పోతాడు. జర్మనీ కారు, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. గోదావరిఖనిలో అలాంటిది ఇంకొకటి లేదని అన్వర్ ఏనాడూ అనలేదు. చూసినవాళ్లే అనేవారు, రాయమల్లు వినేటట్టు.

అన్వర్ ఇంజను స్టార్టు చేశాడు. ఆ చప్పుడు రాయమల్లుకు చెవుల కన్నా ముందు అరికాళ్లకు తెలుస్తుంది. ఒకసారి రాజీవ్ రహదారి మీద ఆ కారు అతణ్ని దాటిపోయింది. ముందు లారీ ఉంది, రోడ్డు ఎత్తెక్కుతోంది. అన్వర్ హారన్ కూడా కొట్టలేదు. కారు వెనక చక్రాల మీద ఒక్క క్షణం కూర్చుని, లేచి, లారీని దాటి పోయింది. ఆ పూట రాయమల్లుకు అన్నం దిగలేదు.

“ఇంకొకలు తింటే నీ కడుపెందుకు నొస్తది?” అని అతని భార్య సారక్క అడుగుతూనే ఉంటుంది. ఆ నొప్పి కారుతో మొదలైంది కాదు. నాన్న ఆరోగ్యం చెడి గని పనికి అన్‌ఫిట్ అయినప్పుడు కంపెనీ ఇచ్చే ఉద్యోగం ఇంటికి ఒక్కటే. అది అన్నకు పోయింది. అన్నకు క్వార్టరు వచ్చింది, ఏసీ వచ్చింది, షిఫ్టు అయ్యాక నిద్ర వచ్చింది. రాయమల్లుకు డ్రైవింగు లైసెన్సు వచ్చింది. రఘుపతి దగ్గర చేరిన రోజున షెడ్డులో ఆ కారును చూసి, ఇదైనా తనకు వస్తుందనుకున్నాడు. అన్వర్ తనకన్నా పెద్దవాడు. కండ్లకు శుక్లాలు వస్తున్నాయి. ఎంతకాలం నడుపుతాడు?

కానీ అన్వర్ నడుపుతూనే ఉన్నాడు. ఆదివారాలు రఘుపతి లేచేలోపు కారు తీసి పెద్దపల్లి దాకా పోయి వచ్చేవాడు. మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం, సామాను దించడానికి పెద్దపల్లి పోయిన రాయమల్లుకు ఆ కారు అన్వర్ బిడ్డ హాజిరా ఇంటి ముందు కనిపించింది. మర్నాడు సైటులో రఘుపతి ఒంటరిగా ఉన్నప్పుడు దగ్గరికి పోయాడు.

“సార్, చెప్పొద్దనుకున్న. మీ కారు ఆదివారం పూట అన్వర్ భాయ్ బిడ్డ ఇంటి ముంగట ఉంటున్నది.”

ఆ వారం నుంచి ఆదివారాల్లో తాళంచెవి రఘుపతి పడకగదిలోనే ఉండిపోయింది. వానలు పడేసరికి కారులో ఏదో లైటు వెలిగింది. బండి లాగడం తగ్గింది. పొద్దున ఇంటి నుంచి ఆఫీసుకు, సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి ముక్కుతూ తిరిగింది. రఘుపతి అన్వర్ మీద విసుక్కున్నప్పుడల్లా రాయమల్లు బొలెరోను ఇంకోసారి తుడిచేవాడు.

ఆ పొద్దున రఘుపతి లుంగీ మీదే బయటికి వచ్చి రాయమల్లును పిలిచాడు.

“ఇయ్యాల సైటుకు పోకు. కరీంనగర్ పోవాలె.”

రాయమల్లు బనీను కింద పెట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. “కారు తియ్యాల్నా సార్?”

“కారు అన్వర్ తీస్కపోతడు. నువ్వు బొలెరోల ఎనక పోయి ఆయన్ని తోల్కరా. అమ్మేసిన దాన్ని. పెద్ద డీజిల్ బండ్లకు ఇగ ముందట గిరాకీ ఉండదంటున్నరు. కరెంటుది బుక్ చేసిన.”

“మరి దానికి డ్రైవరు?”

“నేనే నడుపుకుంట. అన్వర్‌కు గూడ చెప్పిన.”

రఘుపతి లోపలికి పోయాడు. అన్వర్ షెడ్డులో కవరును రోజూ మడిచినట్టే మడిచి బల్ల మీద పెట్టాడు.

బసంత్‌నగర్ దాటేదాకా కారు బొలెరో వేగంతోనే పోయింది. రాయమల్లు దాని వెనకే నడిపాడు. అది అలా పోవడం అతనికి బాగుంది. ఆ తర్వాత కారు మెల్లగా దూరం జరగసాగింది. బొలెరో వణికేదాకా తొక్కినా అందలేదు. కాసేపటికి కారు కనిపించకుండా పోయింది.

పెద్దపల్లి దాటాక ఒక చాయ్ హోటల్ ముందు కారు ఆగి ఉంది. ఇంజను ఇంకా తిరుగుతోంది. అన్వర్ ఎప్పుడూ దాన్ని వెంటనే ఆపడు. కాసేపు తిరగనిచ్చి ఆపుతాడు. అది నలుగురూ చూడాలని చేసే పని అని రాయమల్లు అనుకునేవాడు. కారు కింది నుంచి కాలిన వాసన వస్తోంది.

“లైటు ఆరిపోయింది,” అన్నాడు అన్వర్, చాయ్ గ్లాసు అందిస్తూ.

“రిపేరు చేపిచ్చినవా?”

“రిపేరు లేదు ఏం లేదు. పొగగొట్టంల జాలి అసొంటిది ఉంటది. మసి అండ్ల ఆగుతది. ఇంటికి, ఆఫీసుకు తిప్పితే అది నిండుతది. రోడ్డు మీద జర సేపు ఉరికిస్తే ఆ ఏడికి మసి అదే కాలిపోతది. మెకానిక్ చెప్పిండు. అందుకే ఆదివారం ఆదివారం గింత దూరం తెచ్చేటోన్ని.”

రాయమల్లు చాయ్ ఊదుకున్నాడు. చాయ్ వేడిగా లేదు.

“సార్‌కు చెప్పకపోతివి?”

“చెప్పిన. బిడ్డ ఇంటికి పోనీకి మంచి సాకు దొరికింది నీకు అన్నడు.” అన్వర్ నవ్వాడు. “అదీ అబద్ధం కాదు. ఆడ చాయ్ తాగేటోన్ని. ఎవరో చూసి చెప్పిన్రట. చూసిందే చెప్పిండు, పాపం. తప్పేమున్నది?”

అన్వర్ అతని మొహం వైపు చూడలేదు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

“ఈడికెల్లి నువ్వు తోలు తమ్మీ. ఎండకు నాకు కండ్లు మసకైతున్నయ్. నేను బొలెరోల వస్త.”

రాయమల్లు తాళంచెవిని చూశాడు. అన్వర్ చేతిలో తప్ప దాన్ని ఇంకెక్కడా ఇంత దగ్గరగా చూడలేదు. కరీంనగర్ ఇంకా దూరమే ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది. అది తన వంతుగా రావాలని ఇన్నేళ్లు చూశాడు. ఇప్పుడు అన్వర్ ఇస్తే వస్తోంది.

“నాకు బొలెరోనే అలవాటు, భాయ్,” అన్నాడు.

“నీ ఇష్టం.” అన్వర్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

కరీంనగర్ బైపాసు మీద పాత కార్ల యార్డు వేణుమాధవ్‌ది. అతను బానెట్ ఎత్తి, అన్వర్‌ను ఇంజను రేజ్ చేయమన్నాడు. ఆ అదురు రాయమల్లు అరికాళ్లకు తెలిసింది.

“బంగారమసొంటి ఇంజను,” అన్నాడు వేణుమాధవ్. “ఏం లాభం? ఇదివరకు నా యార్డుకు పెద్ద కారు కావాలని వచ్చినోడు డీజిలే అడిగేటోడు. ఇప్పుడు కంపెనీలే తక్కువ చేస్తున్నయ్. ఢిల్లీల పదేండ్లు దాటితే తిరగనియ్యరని టీవీల చూసి ఈడోళ్లకు గూడ భయం పట్టుకున్నది.”

“అయితే ఇది ఇట్లనే పడి ఉంటదా?” రాయమల్లు గొంతులో ఆశ అతనికే వినిపించింది.

“ఎందుకుంటది? గ్రానైటు వ్యాపారమోళ్లు లేరా. నెలకు నాలుగుమాట్లు కాకినాడ పోర్టుకు పోయొస్తరు. వాళ్లకు కరెంటు బండి ఏం పనికొస్తది? ఒకాయన రేపే వస్తనన్నడు. డ్రైవరును గూడ చూసుకున్నడట. పిలగాడు, ఇరవై ఐదేండ్లు ఉంటయేమో.”

రాయమల్లు యార్డు గేటు వైపు తిరిగాడు. మొహం కూడా చూడని ఆ డ్రైవరు కాకినాడ రోడ్డు మీద లారీలను దాటుకుంటూ పోవడం అతనికి కనిపించింది.

తిరుగు దారిలో అన్వర్ పక్క సీట్లో కూర్చున్నాడు. రాయమల్లు గేరు మార్చినప్పుడల్లా అన్వర్ ఎడమ కాలు కొద్దిగా కదిలేది. కారుకు క్లచ్ లేదు. అయినా పాత అలవాటు పోలేదు. పెద్దపల్లిలో హాజిరా ఇంటి సందు దగ్గర ఆపమన్నాడు.

“గోదావరిఖనికి రావా?” అన్నాడు రాయమల్లు.

“ఈడ్నే ఉంట ఇగ. కండ్ల ఆపరేషను చేపిస్తనంటున్నది బిడ్డ.”

“షెడ్ల నీ సామాన్లు?”

“ఏమున్నయ్? కవరొక్కటే. నువ్వు వాడుకో. బొలెరో మీద దుమ్ము ఊకె తుడుస్తవు గద.”

అన్వర్ దిగాడు. తలుపు చప్పుడు కాకుండా, కారు తలుపు వేసినట్టు వేశాడు. బొలెరో తలుపు అలా వేస్తే పడదు. రాయమల్లు ఒంగి మళ్లీ లాగి వేసుకునేసరికి అతను సందులో సగం దూరం పోయాడు.

పొద్దుగూకే వేళకు రాయమల్లు బొలెరోను షెడ్డులో, కారు ఉండే చోట పెట్టాడు. ఇంజను వెంటనే ఆపలేదు. కాసేపు తిరగనిచ్చి ఆపాడు. తర్వాత దిగి, బల్ల మీది కవరు తెచ్చి మడత విప్పాడు. అన్వర్ ఎటు నుంచి మొదలుపెట్టేవాడో గుర్తు చేసుకుని వెనక నుంచి కప్పుకుంటూ వచ్చాడు. కారు పొడవు, బొలెరో ఎత్తు. పక్కల తలుపుల సగానికి కూడా కవరు దిగలేదు. ముందు మాత్రం బంపరు దాటి నేల మీద కుప్పపడింది. అటు లాగి చూశాడు, ఇటు లాగి చూశాడు. సారక్క రెండుసార్లు ఫోన్ చేసింది.

చివరికి అలాగే వదిలేసి పోయాడు. అద్దాల కోసం కుట్టిన రెండు జేబులు, అద్దాలు లేని చోట, తలుపుల మీద ఖాళీగా వేలాడుతున్నాయి.