పదకొండు గంటల క్లాసు

నేను ఒక హాజరు పట్టీని. పిల్లలు నన్ను రిజిస్టర్ అంటారు. అటెండర్ యాకూబ్ మాత్రం 'పెద్ద బుక్కు' అంటాడు. ఇప్పుడు ఆర్థికశాస్త్ర విభాగం వెనుక గదిలో, ఒక కాలు విరిగిన బీరువాలో, నాలాంటి మరో ముప్పై పట్టీల కింద ఉన్నాను.

నన్ను కుట్టింది బజారు వెనుక సందులోని ఒక బైండింగు దుకాణంలో. ఎర్ర గుడ్డ వీపు, గట్టి అట్ట, నిలువుగా అడ్డంగా గళ్లు గీసిన కాగితం. మైదా జిగురు ఆరకముందే నన్ను తెచ్చి విశ్వవిద్యాలయంలో ఇచ్చారు. ఎం.ఏ. మొదటి సంవత్సరం, నలభై రెండు పేర్లు. ఒక్కొక్క పేరు నా మీదకు ఎక్కుతుంటే బరువేమీ అనిపించలేదు. పేర్లే కదా అనుకున్నాను.

నన్ను రోజూ చంకలో పెట్టుకుని క్లాసుకు వెళ్లేది ముడుంబై రంగాచార్యులు సారు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. వచ్చినవాడికి నీలం సిరాతో 'పి', రానివాడికి ఎర్ర సిరాతో 'ఏ'. సారు పేర్లు పిలవరు, అంకెలే పిలుస్తారు. పిలిచేటప్పుడు తల ఎత్తరు. నలభై రెండు దాకా పిలిచి నన్ను మూసేస్తే, ఆ తరువాత వచ్చినవాడు గంటసేపూ కూర్చుని పాఠం విన్నా వాడికి హాజరు లేదు. "కూర్చో. హాజరు మాత్రం లేదు" అనేవారు. అది ఆయన నియమం. ఆ నియమం మీద ఆయనకు కొంచెం గర్వం కూడా ఉండేది.

తల ఎత్తని సారు ఉన్నచోట గొంతు మార్చగలవాడికి పని దొరుకుతుంది. బైరి సమ్మయ్య అలాంటివాడు. తన నంబరుకు మామూలు గొంతుతో, స్నేహితుడు చందుపట్ల నరహరి నంబరుకు కాస్త ముక్కుతో "ఎస్ సార్" అనేవాడు. నరహరిది పదకొండో నంబరు. చదువు మీద కోపమేమీ లేదు గానీ, ఉదయం ఆట సినిమాకీ పదకొండు గంటల క్లాసుకీ వేళ ఒకటే కావడం అతని ఇబ్బంది. ఏదో ఒకటి వదులుకోవాలి కాబట్టి నన్ను వదులుకునేవాడు.

ఇరవై ఏడో నంబరు మేకల ఓదెలు. రోజూ ముప్పై మైళ్ల దూరం నుంచి పాసింజరు బండిలో వచ్చేవాడు. అమ్మానాన్నలు లేరు. బీడీలు చుట్టే అక్క రాజవ్వ పెంచింది. ఆ బండి ఏ రోజు ఏ వేళకు వస్తుందో దాన్ని నడిపేవాళ్లకే తెలియదు. ఓదెలు స్టేషను నుంచి పరుగెత్తి, ఎగపోస్తూ తలుపు దగ్గర నిలబడేసరికి సారు చాలాసార్లు నన్ను మూసేసి ఉండేవారు. వాడు ఏమీ అనకుండా చివరి బెంచీకి వెళ్లి నోట్సు తీసేవాడు. నా గడిలో ఎర్ర 'ఏ' పడేది. అలా వాడి వరుసలో ఎరుపు పెరిగింది.

ఆగస్టు పదిహేడు, గురువారం. వారం నుంచి ముసురు పట్టి ఉంది. రాష్ట్రమంతా విద్యార్థుల సమ్మె పిలుపులు నడుస్తున్నాయి. అయినా సారు పదకొండింటికి క్లాసు మొదలుపెట్టారు. పదకొండో నంబరుకు సమ్మయ్య ముక్కుతో పలికాడు, నీలం పడింది. ఇరవై ఏడుకు ఎవరూ పలకలేదు, ఎరుపు పడింది. నన్ను మూసిన రెండు నిమిషాలకు ఓదెలు తడిసి ముద్దయి తలుపు దగ్గర కనిపించాడు.

"బండి ఔటర్ సిగ్నల్ కాడ ఆపిండు సార్" అన్నాడు.

"కూర్చో. హాజరు మాత్రం లేదు."

వెళ్లి సమ్మయ్య పక్కన కూర్చున్నాడు. పదకొండున్నరకు విశ్వవిద్యాలయం గేటు ముందు ఎవరో బస్సుకు నిప్పు పెట్టారు. కిటికీలోంచి నల్లటి పొగ కనబడింది. సారు కిటికీ మూయించి పాఠం చెబుతూనే ఉన్నారు. ఆ కలకలంలోనే ఓదెలు లేచి ఏదో సందేహం అడిగాడు, సారు బోర్డు మీద గీత గీసి జవాబు చెప్పారు. ఇది నేను చెబుతున్న మాట. నాలో మాత్రం ఇదెక్కడా రాసి లేదు.

మధ్యాహ్నం రెండింటికి పోలీసులు వచ్చి గేటు దగ్గర కనబడిన వాళ్లనందరినీ వ్యానెక్కించారు. టిఫిను డబ్బా కడుక్కుంటున్న ఓదెలును, సినిమా చూసి ఈల వేసుకుంటూ వస్తున్న నరహరిని కూడా. సాయంత్రం యాకూబ్ నన్ను గోనెసంచిలో చుట్టి పోలీసు స్టేషనుకు తీసుకెళ్లాడు. ఎస్సై నన్ను బల్ల మీద పరిచి, వేలితో వరుసలు వెతికాడు.

"పదకొండు గంటలకు క్లాసుల ఉన్నోడు పోవచ్చు. లేనోడు ఈడనే ఉంటడు. నీ నంబరెంత?"

"పదకొండు సార్" అన్నాడు నరహరి. వేలు నీలం మీద ఆగింది. నరహరి బయటికి నడిచాడు.

"నీది?"

"ఇరవై ఏడు సార్. నేను క్లాసులనే ఉన్న సార్. లేటుగ వచ్చిన, గందుకే ఏ పడ్డది. మా సారును అడుగున్రి."

"అందరు గదే చెప్తరు" అని ఎస్సై నన్ను మూసేశాడు.

నా జీవితంలో నోరు లేదని బాధపడింది ఆ సాయంత్రమే. ఆ రోజు సినిమాహాల్లో ఉన్నవాణ్ణి నేను విడిపించాను. క్లాసులో ఉన్నవాణ్ణి పట్టించాను. ఎస్సై నా పేజీకి నకలు రాయించుకుని నన్ను తిప్పి పంపాడు.

మర్నాడు పొద్దున యాకూబ్ ఈ సంగతి చెప్పగానే సారు కుర్చీలోంచి లేచారు. నన్ను తీసుకుని శాఖాధిపతి గదికి వెళ్లారు.

"ఆ పిల్లగాడు క్లాసులో ఉన్నడండి. నేనే కూర్చోమన్న. పోయి చెప్పొస్త."

శాఖాధిపతి కళ్లజోడు తుడుచుకున్నారు. "ఆచార్యులు గారూ, ఈ పట్టీ చూసే కద మన పిల్లల్ని పదిమందిని విడిచిపెట్టిన్రు. ఒక్కచోట తప్పని మీరే అంటే మిగిలినయి నిజమని ఎవరు నమ్ముతరు? ఆ పదిమంది సంగతేంది? కొన్నాళ్లు ఆగున్రి. బెయిలు వాళ్లే ఇస్తరు."

అది సబబైన మాటలాగే వినిపించింది. సారు ఆగారు. నాలుగు రోజుల తరువాత బెయిలు విచారణ జరిగితే వెళ్లలేదు. ఆ వేళంతా స్టాఫ్ రూములో కూర్చుని, పేజీ తిప్పకుండా ఒక పుస్తకం ముందు పెట్టుకున్నారు. సాయంత్రం కబురు వచ్చింది. పట్టీలో ఓదెలు హాజరు లేదు కనుక బెయిలు ఇవ్వలేదని.

రెండు రోజులకు రాజవ్వ వచ్చింది. ఆమెకు సారు ఎవరో తెలియదు. వరండాలో యాకూబ్‌ను పట్టుకుని, "మా తమ్ముణ్ణి జైల్లేసిన బుక్కు ఏది బిడ్డా, ఒక్కపారి సూపియ్యవా" అని అడిగింది. స్టాఫ్ రూములో సారు ఎదుటే యాకూబ్ నన్ను తెరిచి చూపించాడు. పొగాకు వాసన వేసే వేలితో ఆమె నా గడిని తడిమింది.

"గిదా? గీ చిన్న గీతకా?"

ఆమెకు చదువు రాదు. 'ఏ' అక్షరం ఆమెకు గీతే. సారు లేచి నిలబడ్డారు. "అమ్మా, ఆ గీత గీసింది నేనే" అన్నారు. రాజవ్వ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. తిట్టలేదు.

"మా ఓదెలు నీ పాఠం మంచిగుంటదని చెప్పేటోడు సారూ" అని మాత్రం అంది.

మరునాడు క్లాసులో సారు నన్ను తెరవలేదు. బల్లను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు.

"పదిహేడో తారీకు నాడు ఓదెలు పక్కన ఎవరు కూర్చున్నరు?"

సమ్మయ్య లేచాడు. "నేను సార్. గంట మొత్తం నా పక్కకే ఉన్నడు. నేను కోర్టుల చెప్త."

"ఇంకో సాక్షి కావాలె. నీ అవతల పక్క ఎవరు?"

సమ్మయ్య నరహరి వైపు చూశాడు.

"నరహరి ఉన్నడు కద? పదకొండో నంబరు పలికింది."

నరహరి తల వంచుకుని బెంచీ మీద గోటితో గీస్తున్నాడు. సమ్మయ్య సారు వైపు తిరిగాడు. "అది నేను పలికిన సార్. ఆ రోజు ఒక్కటే గాదు" అన్నాడు.

సారు కుర్చీలో కూలబడ్డారు. పాతికేళ్లుగా వింటున్న గొంతుల్లో ఎన్ని నిజమో ఆయనకు అప్పుడు అనుమానం వచ్చి ఉంటుంది.

క్లాసు అయ్యాక నరహరి స్టాఫ్ రూముకు వచ్చి ఏడ్చాడు. "సార్, నేను సినిమాకు పోయిన, అంతే. బస్సు సంగతి నాకేం తెల్వదు. మీరు నా పేరు చెప్తే నన్ను మళ్ల తీసుకపోతరు. మా బాపుకు తెలిస్తే బతకనియ్యడు."

"నువ్వు పోయింది సినిమాకు. వాడు వచ్చింది క్లాసుకు. లోపల ఉన్నది వాడు" అన్నారు సారు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. తప్పు చేసినవాడు ఒక్కడు కాదని ఆయనకు తెలుసు.

ఓదెలు లోపలికి వెళ్లిన ఇరవై మూడో రోజున రెండో విచారణ. నన్ను మేజిస్ట్రేటు ముందు పెట్టారు. సారు ఎప్పుడూ ఎక్కని బోను ఎక్కారు.

"ఈ రాత నాదే. ఇరవై ఏడో నంబరు ఆ రోజు క్లాసులో ఉన్నడు, ఆలస్యంగా వచ్చిండు గనుక నేను హాజరు ఇయ్యలేదు. పదకొండో నంబరు లేడు, ఉన్నడని రాసిన."

"లేనివాడు ఉన్నాడని ఎట్లా రాశారు? చూసి రాయరా?" అని అడిగారు మేజిస్ట్రేటు.

"చూడను. తల ఎత్తను."

కోర్టులో ఎవరో నవ్వారు. నరహరి స్నేహితులకు వినోదంగానే ఉండి ఉంటుంది. సారు చెవులు ఎర్రబడ్డాయి, కానీ దిగేదాకా నిటారుగానే నిలబడ్డారు. తరువాత సమ్మయ్య బోనెక్కి తన ముక్కు గొంతు సంగతి కూడా చెప్పాడు. ఆ సాయంత్రం ఓదెలుకు బెయిలు దొరికింది. నరహరిని మళ్లీ పిలిచారు గానీ, అతని మేనమామ సినిమాహాలు గేటుమనిషిని సాక్ష్యానికి తెచ్చాడు. రెండు గంటల్లో ఇంటికి పంపారు. సమ్మయ్యను విశ్వవిద్యాలయం పదిహేను రోజులు బయట ఉంచింది. నరహరి ఆ తరువాత అతనితో మాట్లాడలేదు.

ఓదెలు క్లాసుకు తిరిగి వచ్చాడు. చిక్కిపోయాడు, జుట్టు కత్తిరించి ఉంది. సారు ఇప్పుడు అంకెలు కాక పేర్లు పిలుస్తున్నారు, ప్రతి పేరుకూ తల ఎత్తి చూస్తున్నారు. దానికి పదిహేను నిమిషాలు పట్టేది, పిల్లలు విసుక్కునేవారు. 'మేకల ఓదెలు' అన్నప్పుడు వాడు "ఉన్న సార్" అనేవాడు, మిగతావాళ్లలా "ఎస్ సార్" అనేవాడు కాదు. నెలకు రెండుసార్లు కేసు వాయిదా. ఆ రోజుల్లో మళ్లీ ఎరుపే.

మార్చిలో లెక్క తీశారు. నూట ఇరవై క్లాసుల్లో తొంభై ఉంటేనే పరీక్షకు హాల్ టికెట్టు. నరహరికి తొంభై నాలుగు. అందులో సమ్మయ్య పలికినవి ఎన్నో నేను చెప్పగలను, ఎవరూ అడగలేదు. ఓదెలుకు ఎనభై. సారు ఆగస్టు పదిహేడును దిద్ది పక్కన సంతకం పెట్టారు. ఎనభై ఒకటి.

"ఇంక తొమ్మిది కావాలె. నువ్వు ఆలస్యంగా వచ్చి కూర్చున్న రోజులు చాలా ఉన్నయి. తారీకులు గుర్తున్నయా?"

ఓదెలు ఆలోచించాడు. "తారీకులు యాదికి లెవ్వు సార్. పాఠాలు యాదికున్నయి."

చెప్పడం మొదలుపెట్టాడు. ధర పెరిగినా పేదవాడు ఎక్కువ కొనే వస్తువుల పాఠం నాడు తలుపు దగ్గర నిలబడ్డాడు. వినియోగదారుడి మిగులు చెప్పిన రోజు బోర్డు మీద సుద్దముక్క విరిగింది. ఇలా ఒక్కొక్కటీ. సారు తన పాఠాల డైరీ తెచ్చి తేదీలు వెతికారు. వాడు చెప్పిన పాఠాలకు డైరీలో తేదీ ఉంది, ఆ తేదీకి నాలో ఎర్ర 'ఏ' ఉంది. ఇద్దరూ మధ్యాహ్నమంతా కూర్చుని తొమ్మిది పట్టుకున్నారు. సారు తొమ్మిదింటినీ దిద్ది, తొమ్మిది సంతకాలు పెట్టారు. నా ఒంటి మీద ఇంత నిజం ఎన్నడూ లేదు.

శాఖాధిపతి నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. "ఒక్కపారి కోర్టుల తప్పని ఒప్పుకున్న పట్టీ ఇది. దీన్ని ఇంక దిద్దుకుంట కూర్చుంటే, రేపు అందరు దిద్దుమంటరు. వారం దాటినంక దిద్దుబాటు చెల్లదు. రూలు మీకు తెల్వదా?"

"తెలుసు" అన్నారు సారు. "రూళ్లు నాకు బాగ తెలుసు."

ఆ ఏడాది పరీక్షల జాబితాలో ఇరవై ఏడో నంబరు లేదు.

జూన్‌లో కొత్త పట్టీ వచ్చింది. నన్ను బీరువాలో పెట్టే ముందు ఒక్కసారి మళ్లీ సారు బల్ల మీదకు తెచ్చారు. ఓదెలు టీసీకి హాజరు వివరాలు కావాలట. టీసీ కోసం వచ్చింది రాజవ్వ.

"వాడు రాలేదా అమ్మా? మళ్ల చేరమను. ఈసారి నేను చూసుకుంట."

"వచ్చిండు సారూ. గేటు కాడి దాక వచ్చిండు. గా బస్సు కాలిన జాగల నిలవడి, నువ్వు పోయి తేపో అక్కా, నాతోని గాదు అన్నడు. బొగ్గుబాయిల పనికి పేరిచ్చిండు."

సారు టీసీలో నడవడి అన్న చోట 'చాలా మంచిది' అని రాశారు. ఇంకేదో రాద్దామనుకుని, చోటు లేక ఆగిపోయారు. రాజవ్వ కాగితాన్ని మడిచి కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే, గేటు బయట ఆమె పక్కన చేరిన సన్నటి మనిషి ఒక్కడు కనబడ్డాడు. ఇద్దరూ రైలు స్టేషను వైపు నడిచారు.

పదకొండింటి గంట కొట్టారు. వరండా అవతల కొత్త పిల్లలు నలభైమంది బెంచీల మీద సర్దుకుంటున్న చప్పుడు వినబడింది. సారు లేవలేదు. నన్ను మూయనూ లేదు. యాకూబ్ వచ్చి తలుపు దగ్గర రెండుసార్లు దగ్గి వెళ్లిపోయాడు. పిల్లలు పది నిమిషాలు చూశారు. తరువాత సారు ఈ రోజు రాలేదని ఒకరికొకరు చెప్పుకుని, సంబరంగా కేకలు వేస్తూ మెట్లు దిగి వెళ్లిపోయారు.